ఆకాశం ఒక్కటే... లైసెన్సులే వేరు!

అర్ధరాత్రి దాటింది. శంషాబాద్ విమానాశ్రయం బయట అమ్మ, నాన్న, చెల్లెలు, మేనమామ... కుటుంబమంతా నిలబడి ఉంది. ఏడాది కిందట అరిజోనా వెళ్లిన కుర్రాడు పైలటై తిరిగొస్తున్నాడు మరి! రానే వచ్చాడు. పలకరింపులయ్యాక జేబులోంచి ఓ కార్డు తీసి చూపించాడు. కార్డుకి ఓ వైపు రైట్ సోదరుల బొమ్మలు, మరో వైపు తన పేరు. కమర్షియల్ పైలట్. నాన్న ఆ కార్డుని రెండు చేతులతో పట్టుకుని దీపం కిందకి వెళ్లి మరీ చదువుకున్నాడు. ఆ కార్డు కోసమే కదా ఊళ్లో స్థలం అమ్మింది, మిగతాదానికి బ్యాంకులో అప్పు తెచ్చింది!

''అయితే అల్లుడూ, వచ్చే నెల్లో మమ్మల్ని తిరుపతికి నువ్వే తీసుకెళ్తావా?'' అన్నాడు మేనమామ.

కుర్రాడు కాస్త ఇబ్బందిగా నవ్వాడు. ''ముందు లైసెన్సు మార్పించుకోవాలి మామయ్యా.''

''మార్పించుకోవడమేంటిరా? చేతిలోనే ఉందిగా!''

ఇది ఫలానా ఇంటి కథ అని కాదు. విదేశాల్లో విమానం నేర్చుకుని వచ్చిన పిల్లలున్న ఏ ఇంట్లోనైనా కాస్త అటూ ఇటుగా జరిగే సంభాషణే. అమెరికా ఆకాశంలో ఒంటరిగా రెక్కలు విప్పిన కుర్రాడు ఇక్కడికొచ్చాక బేగంపేటలో రెండు సీట్ల శిక్షణ విమానాన్ని కూడా సొంతంగా నడపడానికి వీల్లేదు. ఎందుకని? గాలి అదే, విమానమూ అదే. అమెరికాలో ఎగిరిన సెస్నా ఇక్కడా సెస్నానే కదా!

తోక చెప్పే రహస్యం

ఈసారి విమానం ఎక్కేటప్పుడు దాని వెనక భాగాన్ని ఓసారి గమనించండి. కొన్ని అక్షరాలు కనిపిస్తాయి. మన విమానాలైతే 'వీటీ'తో మొదలవుతాయి. అమెరికావి 'ఎన్'తో, బ్రిటన్‌వి 'జీ'తో, దుబాయ్ విమానాలు 'ఏ6'తో. అది ఆ విమానం ఏ దేశంలో రిజిస్టరైందో చెప్పే గుర్తు. మన కార్లకి 'ఏపీ', 'టీజీ' ఉన్నట్టే. కాకపోతే ఒక్క తేడా. ఆంధ్రా లైసెన్సుతో తెలంగాణ కారు నడపొచ్చు. విమానాల్లో అలా కుదరదు. ఏ దేశపు గుర్తుంటే ఆ దేశం ఇచ్చిన, లేదా ఆ దేశం 'చెల్లుతుంది' అని ఒప్పుకున్న లైసెన్సుంటేనే అంతర్జాతీయ ప్రయాణాల్లో దాన్ని నడపాలి.

ఈ నియమం నిన్నామొన్నటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, 1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు ఓ ఒప్పందం మీద సంతకం చేశాయి. మన దేశమూ అందులో ఉంది. దాని ఫలితంగానే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 'ఐకావో' పుట్టింది. ఇప్పుడందులో 193 సభ్య దేశాలున్నాయి. పైలట్‌కి కనీసం ఏమేం రావాలి, ఎన్ని గంటలు ఎగరాలి, ఆరోగ్యం ఎలా ఉండాలి అన్న కనీస ప్రమాణాలను ఐకావో నిర్ణయిస్తుంది. అయితే లైసెన్సు మాత్రం ఐకావో ఇవ్వదు. ప్రపంచం మొత్తానికీ చెల్లే పైలట్ లైసెన్సంటూ అసలు లేనేలేదు!

లైసెన్సు ఇచ్చేది దేశాలే. అమెరికాలో ఎఫ్ఏఏ, ఐరోపాలో 'ఈయాసా' నిబంధనల కింద ఆయా దేశాల సంస్థలు, మన దగ్గర పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్... అదే డీజీసీఏ. షికాగో ఒప్పందం 32వ అధికరణలో మరో మెలిక కూడా ఉంది. తన పౌరుడికి వేరే దేశం ఇచ్చిన లైసెన్సును తన గగనతలంలో గుర్తించకుండా ఉండే హక్కు ప్రతి దేశానికీ ఉంది. అరిజోనా నుంచి వచ్చిన మన కుర్రాడిని చూసే రాశారా అనిపిస్తుంది!

ఫిలిప్పీన్స్‌లోనో చైనాలోనో వైద్యం చదివొచ్చినవాళ్లు ఇక్కడ మళ్లీ ఎఫ్ఎంజీఈ పరీక్ష రాయాలి కదా, ఇదీ అలాంటిదే. 'నువ్వు చదవలేదని కాదు, నా సంతకం పెట్టేముందు నేనూ ఓసారి చూసుకుంటాను' అంటుంది దేశం.

గంటల లెక్క తేడా

కనీస ప్రమాణాలు ఒకటే అయినప్పుడు ఇంత పట్టింపు దేనికి? అవి 'కనీస' ప్రమాణాలే కావడం వల్ల. వాటి మీద ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు మేడలు కట్టుకున్నారు.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు ఎగిరి ఉండాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా... అంటే విమానానికి పూర్తి బాధ్యత తనదే అయ్యేలా. 20 గంటలు ఊరు దాటి దూర ప్రయాణాలు చేయాలి. అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి ఆగాలి. ఇవిగాక పరికరాలను మాత్రమే చూస్తూ 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు. అమెరికాలో మామూలు పద్ధతిలో అయితే మొత్తం 250 గంటలు కావాలి. ఆమోదం పొందిన కొన్ని పాఠశాలల్లో 190 గంటలు చాలు.

''250 గంటలు ఎగిరొచ్చాడుగా, ఇక్కడ 200 చాలుగా... ఇంకేంటి?'' అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది. అమెరికాలో ప్రైవేటు పైలట్ సర్టిఫికెట్ వచ్చాక, పక్కన శిక్షకుడు కూర్చుని పాఠం చెబుతున్నా, కంట్రోల్స్ పట్టుకున్నది విద్యార్థే అయితే ఆ సమయాన్ని పైలట్ ఇన్ కమాండ్ కింద రాసుకోవచ్చు. మన దగ్గర శిక్షకుడు పక్కనుంటే అది 'డ్యూయల్'... అంటే పాఠం. ఒకే గంట, ఒకే విమానం. అక్కడి లెక్కలో కమాండర్, ఇక్కడి లెక్కలో విద్యార్థి! ఈ తేడా తెలియకుండా వచ్చినవాళ్ల లాగ్‌బుక్‌లో కమాండ్ గంటలు చూస్తుండగానే తరిగిపోతాయి. అవి పూర్తిచేయడానికి ఇక్కడ మళ్లీ గంటకింత చొప్పున డబ్బు కట్టి ఎగరాల్సిందే.

తేడా గంటలతోనే ఆగదు. అమెరికాలో వాతావరణ పీడనాన్ని అంగుళాల్లో చెబుతారు. ఎత్తు కొలిచే ఆల్టీమీటర్‌ని ప్రామాణిక పీడనానికి మార్చాలంటే 29.92 దగ్గర పెట్టాలి. ఇక్కడ హెక్టోపాస్కల్స్. అదే పీడనం 1013 అవుతుంది. అక్కడ దేశమంతటా 18,000 అడుగులకి చేరాకే ఈ మార్పు. ఇక్కడ విమానాశ్రయాన్ని బట్టి అంతకంటే చాలా కిందే. అక్కడ చూపు ఆనే దూరం మైళ్లలో, ఇక్కడ మీటర్లలో. రేడియోలో విన్న అంకెను పొరపాటుగా పెడితే విమానం ఉన్న ఎత్తు ఒకటి, పరికరం చూపించే ఎత్తు మరొకటి అవుతుంది. ఎడారి మీద నిర్మలాకాశంలో ఎగరడం నేర్చుకున్న కుర్రాడికి మన రుతుపవనాల మబ్బులు, బెంగాల్ మీద విరుచుకుపడే కాలబైశాఖి, ఉత్తరాదిలో డిసెంబరు పొగమంచు పుస్తకంలో కూడా తగిలి ఉండవు. అందుకే 'మా ఆకాశం గురించి మళ్లీ చదువుకో' అంటుంది డీజీసీఏ.

వచ్చాక ఏం చేయాలి?

ఇంతకీ మన కుర్రాడి ముందున్న మెట్లు ఏమిటి? మొదటిది రాత పరీక్షలు. పూర్తిగా ఇక్కడే నేర్చుకునేవాళ్లు నావిగేషన్, వాతావరణ శాస్త్రం, గగనతల నిబంధనలు, సాంకేతిక అంశాల పేపర్లు రాయాలి. విదేశీ లైసెన్సున్నవాళ్లకి కాస్త వెసులుబాటు ఉంది. నావిగేషన్, వాతావరణం రెండూ కలిపి ఒకే పేపర్... దాన్ని 'కాంపోజిట్' అంటారు. దాంతోపాటు ఎయిర్ రెగ్యులేషన్స్. పాసవ్వాలంటే నూటికి 70 మార్కులు రావాలి. మన ఇంటర్మీడియట్‌లా 35తో గట్టెక్కడం ఉండదు!

రెండోది రేడియోలో మాట్లాడే అర్హత. ఆర్‌టీఆర్ అనే ఈ పరీక్షను చాలా ఏళ్లు టెలికాం శాఖ నిర్వహించింది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ ఈ బాధ్యతను డీజీసీఏకి అప్పగించింది. మూడోది వైద్య పరీక్ష. అమెరికా డాక్టరు 'భేష్' అన్నా సరే, ఇక్కడ డీజీసీఏ క్లాస్-1 వైద్య ధ్రువపత్రం తప్పదు. నాలుగోది లైసెన్సు నిజమైనదేనని రుజువు. కార్డు మీదున్నది సరిపోదు. ఇచ్చిన దేశమే 'అవును, మేమిచ్చిందే' అని చెప్పాలి. అయిదోది ఇక్కడి పరీక్షాధికారిని పక్కన కూర్చోబెట్టుకుని పగలూ రాత్రీ విమానం నడిపి చూపించడం.

విడివిడిగా చూస్తే ఏదీ కొండ కాదు. కష్టమంతా వాటిని వరసలో పేర్చడంలోనే. పరీక్ష తప్పితే మళ్లీ పరీక్ష వచ్చేదాకా ఆగాలి. ఈలోగా 'ఇటీవల ఇన్ని గంటలు ఎగిరి ఉండాలి' అన్న నిబంధన గడువు దాటిపోతుంది. మళ్లీ ఎగరడానికి డబ్బు కట్టాలి. విమానం ఖాళీ లేదంటారు, ఖాళీ ఉన్నప్పుడు వాతావరణం బాగోదు. నెలలు గడుస్తుంటాయి. బ్యాంకు వాయిదా మాత్రం ఏ నెలా ఆగదు. అప్పటిదాకా 'మావాడు పైలట్' అని చెప్పుకున్న నాన్న పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం తగ్గించేస్తాడు. 'ఇంకా ఉద్యోగం రాలేదా?' అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేక!

2023లో డీజీసీఏ 1,622 కమర్షియల్ పైలట్ లైసెన్సులు ఇచ్చింది. అందులో విదేశాల్లో నేర్చుకుని వచ్చి మార్పించుకున్నవాళ్లూ చాలామందే. అంటే ఈ మెట్లు ఎక్కలేనివేం కావు. ఎక్కినవాళ్లెందరో ఇప్పుడు మనల్ని ఆకాశంలో తిప్పుతున్నారు.

నమ్మకం తప్పితే...

'ఇన్ని కాగితాలు అవసరమా?' అని విసుక్కునే ముందు మూడు సంఘటనలు చూద్దాం.

2010 మార్చి. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో నూరుమందికి పైగా ప్రయాణికులతో బయల్దేరబోతున్న బోయింగ్ 737 కాక్‌పిట్‌లోకి పోలీసులొచ్చి పైలట్‌ని దింపేశారు. ఆ స్వీడన్ దేశస్థుడి దగ్గర అంత పెద్ద విమానాన్ని నడిపే లైసెన్సే లేదు. ఉన్నది నకిలీ. పదమూడేళ్లపాటు దాంతోనే ఐరోపాలో విమానాలు నడిపాడతను!

2011లో మన దేశంలోనే నకిలీ మార్కుల జాబితాలతో పై స్థాయి లైసెన్సు సంపాదించిన పైలట్ల వ్యవహారం బయటపడింది. అరెస్టులు జరిగాయి. ఆ తర్వాత డీజీసీఏ వేలాది లైసెన్సుల్ని తిరగేయాల్సి వచ్చింది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. 2020 మేలో కరాచీలో విమానం కూలి, అందులో ఉన్న 99 మందిలో 97 మంది చనిపోయారు. మరుసటి నెల పాకిస్థాన్ విమానయాన మంత్రి పార్లమెంటులో ఓ మాటన్నారు. తమ దేశంలోని 860 మంది పైలట్లలో 262 మంది లైసెన్సులు అనుమానాస్పదంగా ఉన్నాయని. విచారణ ముగిశాక రద్దయినవి అందులో కొన్నే. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. వియత్నాం, మలేసియా లాంటి దేశాలు తమ దగ్గర పనిచేస్తున్న పాకిస్థాన్ లైసెన్సు పైలట్లను పక్కన పెట్టేశాయి. వాళ్లలో ఏ తప్పూ చేయనివాళ్లూ ఉన్నారు. పాకిస్థాన్ ప్రభుత్వ విమాన సంస్థ ఐరోపాకి ఎగరకుండా 'ఈయాసా' నిషేధించింది. అది తొలగింది 2024 నవంబరులో. మళ్లీ పారిస్‌కి విమానం వెళ్లింది 2025 జనవరిలో.

లైసెన్సంటే పైలట్‌కి విమానం నడపడం వచ్చని చెప్పే కాగితమే అనుకుంటాం. దాని వెనక ఓ దేశం ఇచ్చిన మాట ఉంటుంది. ఆ మాట మీద అనుమానం వస్తే పదివేల గంటలు ఎగిరిన పైలట్ అయినా నేల మీదే ఉండిపోతాడు.

వేరే దేశాల్లో ఎలా?

'మన దగ్గరే ఇన్ని పేచీలు' అని చాలామంది అంటుంటారు. నిజానికి ఎక్కడి పేచీలు అక్కడున్నాయి.

అమెరికాలో విదేశీ లైసెన్సును ఆధారం చేసుకుని సర్టిఫికెట్ ఇస్తారు. అదీ ప్రైవేటు పైలట్ స్థాయిది మాత్రమే. ఎంత గొప్ప కెప్టెన్ అయినా అక్కడ జీతానికి ఎగరాలంటే వాళ్ల పరీక్షలు రాయాల్సిందే. పైగా ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌కి కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, 1,500 గంటల అనుభవం కావాలి. 2009లో బఫెలో నగరం దగ్గర 50 మందిని బలిగొన్న ప్రమాదం తర్వాత చేసిన చట్టమది. 2013లో అమలైంది. మన దేశంలో, ఐరోపాలో అయితే 200 గంటల అనుభవమున్న కుర్రాడు ఆ విమానం రకానికి 'టైప్ రేటింగ్' చేసి ఎయిర్‌బస్ కుడి సీట్లో కూర్చోవచ్చు.

ఐరోపాలో ఒక దేశపు లైసెన్సు ఐరోపా సమాఖ్యలోని 27 దేశాల్లోనూ, మరో నాలుగు పొరుగు దేశాల్లోనూ చెల్లుతుంది. బయటివాళ్లు మాత్రం 13 సబ్జెక్టుల పరీక్షలు రాయాలి. దీని రుచి బ్రిటన్ పైలట్లకి బాగా తెలుసు. 2020 డిసెంబరు 31తో బ్రిటన్ ఆ వ్యవస్థలోంచి బయటికొచ్చింది. ముందు రోజు దాకా పారిస్‌లో రిజిస్టరైన విమానాన్ని నడిపిన లైసెన్సు మర్నాటికి పరాయి దేశపుదైపోయింది! ముందే మేల్కొన్నవాళ్లు తమ లైసెన్సుల్ని ఐర్లాండ్‌కో ఆస్ట్రియాకో బదిలీ చేయించుకున్నారు. ఆలస్యం చేసినవాళ్లకి ఆ 13 పరీక్షలే దిక్కయ్యాయి. వాళ్ల నైపుణ్యం రాత్రికి రాత్రి తగ్గిపోలేదు. మారింది దేశాల మధ్య ఒప్పందం.

ఒప్పందం ఉంటే ఎంత సుఖమో చూడాలంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లని చూడాలి. 1990ల చివరి నుంచి అమల్లో ఉన్న పరస్పర గుర్తింపు ఏర్పాటు కింద అక్కడి పైలట్ ఇక్కడ, ఇక్కడి పైలట్ అక్కడ కాగితాల పనితోనే సమాన లైసెన్సు పొందొచ్చు. అమెరికా, ఐరోపా కూడా 2021లో ఇలాంటి ఏర్పాటు చేసుకున్నాయి. అయితే ప్రైవేటు పైలట్లకే.

మన దేశమూ తలుపులు పూర్తిగా మూయలేదు. 2000ల మధ్యలో కొత్త విమాన సంస్థలు వరసగా పుట్టినప్పుడు కెప్టెన్ల కొరత వచ్చింది. అప్పుడు విదేశీ పైలట్లు పెద్దసంఖ్యలో మన విమానాలు నడిపారు. వాళ్లకి డీజీసీఏ ఇచ్చేది 'ఫాటా' అనే తాత్కాలిక అనుమతి. లైసెన్సు మార్చరు, ఫలానా గడువు దాకా చెల్లుతుందని ఒప్పుకుంటారంతే.

వెళ్లేముందే చూసుకోండి

పిల్లల్ని విదేశాలకి పంపాలనుకునే తల్లిదండ్రులు కొన్ని విషయాలు ముందే తేల్చుకుంటే తర్వాత బాధ తప్పుతుంది.

* ముందు వైద్య పరీక్ష, తర్వాతే ఫీజు. డీజీసీఏ క్లాస్-2, ఆపైన క్లాస్-1 ఇక్కడే పూర్తిచేసుకోవాలి. కంటి చూపులోనో, రంగుల గుర్తింపులోనో లోపముంటే అది స్థలం అమ్మకముందే తెలియడం మంచిది.

* ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ లేనివాళ్లు డీజీసీఏ నిబంధనలు చూసుకున్నాకే అడుగేయాలి.

* డీజీసీఏ రాత పరీక్షలు వెళ్లేముందే రాసేయొచ్చు. తిరిగొచ్చాక చేతిలో పుస్తకం, నెత్తిన అప్పు పెట్టుకుని చదవడం కన్నా ఇదే నయం.

* శిక్షణ సంస్థకి మన నిబంధనల కాగితం చూపించి, 'ఈ గంటలన్నీ ఇందులో వస్తాయా' అని రాతపూర్వకంగా అడగాలి. ముఖ్యంగా ఆ 100 కమాండ్ గంటలు, 300 మైళ్ల ప్రయాణం, రాత్రి గంటలు. అక్కడున్నప్పుడు ఓ గంట ఎక్కువ ఎగరడం తేలిక. వచ్చాక కష్టం.

* లాగ్‌బుక్‌ని పాస్‌పోర్టులా కాపాడుకోవాలి. ప్రతి ఎంట్రీ ఏ రోజుదారోజే రాసి, అవసరమైన చోట సంతకం చేయించుకోవాలి. ఏడాది తర్వాత అరిజోనాకి ఫోన్ చేసి 'సార్, ఆరోజు ఓ సంతకం మర్చిపోయారు' అంటే దొరికేవారుండరు.

* బడ్జెట్‌లో మార్పిడి ఖర్చునీ, కనీసం కొన్ని నెలల ఎదురుచూపునీ కలపాలి. టైప్ రేటింగ్ దానికి అదనం. 'లైసెన్సుతో సహా మొత్తం ఇంతే' అని చెప్పే ఏజెంటుని 'ఏ దేశపు లైసెన్సు?' అని ఒక్క ప్రశ్న అడగండి. సగం సంగతులు అక్కడే తెలిసిపోతాయి.

మొదటి కార్డు

మన గడ్డ మీద మొట్టమొదటి పైలట్ లైసెన్సు అందుకున్నది జె.ఆర్.డి. టాటా. 1929 ఫిబ్రవరి 10న. దాని మీద నంబరు 1. అయితే ఆ కాగితం అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పేరుతో ఉంది. దాన్నిచ్చింది భారత్-బర్మా ఏరో క్లబ్. అప్పట్లో లైసెన్సంటే ఓ క్లబ్బు తన సభ్యుడి గురించి ఇచ్చే మాట. ఇప్పుడది ఓ దేశం తన ప్రజలకిచ్చే మాట. 2025 ఫిబ్రవరి నుంచి డీజీసీఏ ఆ మాటను ఫోన్‌లో కనిపించే ఎలక్ట్రానిక్ లైసెన్సుగానూ ఇస్తోంది. రూపం ఎంత మారినా, వెనక ఎవరో ఒకరు పూచీ పడాల్సిందే.

మళ్లీ శంషాబాద్‌కి వద్దాం. కారెక్కాక మేనమామకి ఇంకా సందేహం తీరలేదు. ''అయితే నీకు విమానం వచ్చినట్టా, రానట్టా?'' అన్నాడు. కుర్రాడు కాసేపు ఆలోచించి, ''వచ్చు మామయ్యా. వచ్చని అమెరికా చెప్పింది. ఇప్పుడు మనవాళ్లు చెప్పాలి'' అన్నాడు.

ముందు సీట్లో కూర్చున్న నాన్న ఆ కార్డుని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. ''పరీక్ష ఎప్పుడంట?'' అని మాత్రం అడిగాడు.